వేరుశనగ పొట్టు, కట్టె, చెక్క: దేన్ని ఎక్కడ వాడాలి?

ప్రపంచంలో పండే బాదం పప్పులో సుమారు 80 శాతం కాలిఫోర్నియాదే. అక్కడ పప్పు కంటే తొక్కే తూకంలో ఎక్కువ వస్తుంది. ఆ తొక్కను పాడి ఆవుల దాణాలో కలుపుతారు. లోపలి గట్టి పెంకును కొట్టాల్లో పరుస్తారు, కొంత కాలుస్తారు. ఈ సంగతి ఫోనులో చూసిన అనంతపురం రైతుకు వెంటనే వచ్చే సందేహం ఒకటే: మన వేరుశనగ పొట్టును, అంటే కాయ మీది డొల్లను, కూడా గేదెలకు వేయవచ్చా? వేస్తే తింటాయి. కడుపు నిండుతుంది, పాలు మాత్రం పెరగవు.

బాదం, పీచ్ పండు ఒకే కుటుంబానివి. బాదం తొక్క అంటే ఆ పండు కండ ఎండిపోగా మిగిలినది. అందుకే దానిలో పాతిక శాతానికి అటూఇటూ చక్కెరలు ఉంటాయి, ఆవు ఇష్టంగా తింటుంది. వేరుశనగ కాయకు అలాంటి కండ లేదు. నేలలో పెరిగే ఆ పొట్టులో అరవై శాతం దాకా పీచే, అందులోనూ జీర్ణం కాని లిగ్నిన్ భాగం పెద్దది. మాంసకృత్తులు ఆరేడు శాతం ఉన్నట్టు పరీక్షలో తేలినా పశువుకు దక్కేది కొంచెమే. జీర్ణమయ్యే పోషకాలన్నీ కలిపినా మొత్తం తూకంలో నాలుగో వంతు దాటవు. బాదంతో పోల్చాలనుకుంటే మన పొట్టుకు సాటి అక్కడి గట్టి పెంకు. అక్కడి తొక్కకు సాటిగా మనకున్నది కట్టె, అంటే కాయలు తీసుకున్నాక మిగిలే ఎండు తీగ.

వేరుశనగ నుంచి పప్పు, నూనె పోగా మిగిలేవి నాలుగు: కట్టె, పొట్టు, చెక్క (నూనె తీసిన పిండి), పప్పు మీది ఎర్రని పొర. వీటిలో ఒకదానికి పనికొచ్చిన సలహా మరొకదానికి పనికిరాదు. మన దగ్గర జరుగుతున్న నష్టమంతా వీటిని కలగాపులగం చేయడం వల్లే: మేతకు పనికొచ్చేది పొలంలోనే మగ్గిపోతుంది, పొయ్యికి పనికొచ్చేది దాణాలో చేరుతుంది.

ముందు మీ దగ్గర ఎంత ఉందో లెక్క వేయండి

చాలామంది రైతులు కాయలను కాయలుగానే అమ్ముతారు. వారి పొట్టు వ్యాపారితో పాటు మిల్లుకు వెళ్లిపోతుంది. ఇంట్లో మిగిలేది విత్తనం కోసం దాచిన కాయల పొట్టు మాత్రమే. ఎకరానికి 70 కిలోల విత్తనం అనుకుంటే ఐదెకరాలకు 350 కిలోల పప్పు కావాలి. కాయ తూకంలో 70 శాతం పప్పు, 30 శాతం పొట్టు అని పెట్టుకుంటే 500 కిలోల కాయలు కొట్టించాలి, 150 కిలోల పొట్టు వస్తుంది. దానికోసం యంత్రాలు, వ్యాపారాలు అంటూ ఎవరైనా మీకు ప్రణాళిక చెబితే వినకండి. అది పశువుల పాకకు, ఎరువు దిబ్బకు సరిపోయే సరుకు.

అదే రోజుకు పది టన్నుల కాయలు ఆడించే మిల్లులో మూడు టన్నుల పొట్టు పడుతుంది. వదులుగా పోసిన పొట్టు ఒక ఘనపు మీటరుకు సుమారు 100 కిలోలే తూగుతుంది. అంటే మూడు టన్నులకు 30 ఘనపు మీటర్ల చోటు కావాలి. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గది ఒక్క రోజులో నిండి పైన పొంగుతుంది.

పొట్టుతో అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆరు ఘనపు మీటర్ల ట్రాలీ నిండా పోస్తే తూకం 600 కిలోలు. మూడు టన్నులు మోయగల ట్రాక్టరు ఆ 600 కిలోలకే డీజిల్ తాగుతుంది. పొట్టు విషయంలో ఏ ఎంపికకైనా నేను మొదట అడిగేది ధర కాదు, దూరం. పది కిలోమీటర్ల లోపు తక్కువ ధరకు అడిగే ఇటుక బట్టీ, అరవై కిలోమీటర్ల అవతల ఎక్కువ ధర ఇస్తానన్న ఫ్యాక్టరీ కంటే చాలాసార్లు మేలు.

కట్టె: దీన్ని అమ్ముకునే ముందు రెండుసార్లు ఆలోచించండి

కట్టె గురించి అనంతపురం వారికి కొత్తగా చెప్పవలసింది తక్కువే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. కాయ సరిగా ఊరని ఏడు కూడా కట్టె మాత్రం మిగులుతుంది, ఆ ఏడు పంట ఖర్చులో కొంతైనా తిరిగి వచ్చేది దానివల్లే. వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతం ఉంటే మంచి కట్టెలో ఎనిమిది నుంచి పదిహేను శాతం దాకా ఉంటాయి. ఈ తేడా ఆకు వల్ల వచ్చింది. తిక్క ఆకుమచ్చ తెగులు సోకి ఆకు రాలిపోయిన కట్టె, పీకి పడేసిన తరువాత వానలో రెండుసార్లు తడిసిన కట్టె పేరుకే కట్టె. వామి కొనేటప్పుడు ఎత్తు చూసి బేరం చేయకుండా ఒక గుప్పెడు లాగి చూడండి: ఆకు ఎంత ఉంది, బూజు వాసన ఉందా, వేళ్లకు ఎంత ఎర్రమట్టి అంటి ఉంది. మట్టి పది కిలోలుంటే మీరు పది కిలోల మట్టికి డబ్బు ఇచ్చినట్టే. పశువు కడుపులోకి పోయిన ఇసుక బాధ వేరు.

కట్టె ఒక్కటే కాకుండా జొన్న చొప్పతో కలిపి వేస్తే రెండూ కలిసొస్తాయి. ఇంకా పచ్చిగా, తడిగా ఉన్న కట్టెను ఆకలి మీదున్న జీవాలకు ఒకేసారి వదిలితే పొట్ట ఉబ్బరం వస్తుంది. ఆఖరి మందు పిచికారీకి, మేపడానికి మధ్య డబ్బా మీద రాసిన గడువు పాటించాలి. అంతకు మించి దీని మీద చర్చ అనవసరం. కట్టెను కాల్చడం, ఎరువు దిబ్బలో వేయడం రెండూ దండగే. పశువు ద్వారా వస్తే పాలూ వస్తాయి, పేడా వస్తుంది.

పొట్టు: దారులు చాలా, అన్నీ మీకు కావు

మొదట ఇంధనం సంగతి. కిలో పొట్టుకు సుమారు 4,000 కిలో కేలరీల వేడి వస్తుంది. మన దేశపు నాసిరకం బొగ్గుకు ఇది తీసిపోదు. వరి ఊకకు కిలోకు 3,000 పైచిలుకే. పైగా ఊకలో దాదాపు ఐదో వంతు బూడిదే మిగులుతుంది, వేరుశనగ పొట్టులో మామూలుగా ఐదు శాతం లోపే. బాయిలర్ నడిపేవారికి ఈ బూడిద తేడా విలువ బాగా తెలుసు. మిల్లుకు తన బాయిలరే ఉంటే అక్కడే కాల్చుకోవడం అన్నిటికంటే తెలివైన పని, రవాణా ఖర్చు సున్నా. తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. బట్టీలలో బొగ్గుకు తోడుగా వ్యవసాయ వ్యర్థాలను కాల్చే అలవాటు ఆ పరిశ్రమకు ఉంది. అయితే పెద్ద కొనుగోలుదారు పెద్ద మొత్తంలో, ఏడాది పొడుగునా ఒకే తేమతో సరుకు అడుగుతాడు. ఆరు నెలలు మాత్రమే నడిచే చిన్న మిల్లు ఒంటరిగా ఆ ఒప్పందానికి దిగకూడదు.

దూరం చిక్కుకు విరుగుడు బ్రికెట్లు. పొట్టును వేడి, ఒత్తిడితో నొక్కి దిమ్మెలుగా చేస్తారు. పొట్టులోని లిగ్నినే కరిగి జిగురులా పట్టుకుంటుంది కనుక వేరే బంక అక్కరలేదు. నొక్కాక ఒక్కో దిమ్మె సాంద్రత వదులు పొట్టుకు పది రెట్ల పైగా ఉంటుంది, లారీ పూర్తి బరువుకు నిండుతుంది. వినడానికి బాగుంది, కానీ ఇది కరెంటు, తేమ చుట్టూ తిరిగే వ్యాపారం. తేమ పది పన్నెండు శాతం దాటితే దిమ్మె పగుళ్లిచ్చి విడిపోతుంది, ఆరబెట్టడానికి మళ్లీ ఖర్చు. నొక్కే భాగాలు త్వరగా అరిగిపోతాయి, వాటి మార్పిడి ఖర్చు యంత్రం అమ్మేవాడు మొదటిరోజు చెప్పడు. సొంత మిల్లు ఒక్కదాని పొట్టుతో ఈ యంత్రం పెట్టవద్దు. చుట్టుపక్కల నాలుగైదు మిల్లులతో రాతపూర్వక ఒప్పందం, మిల్లులు మూతపడే నెలల్లో నింపుకోవడానికి కందికట్టె, రంపపు పొట్టు వంటి మరో సరుకు, ఈ రెండూ ఉంటేనే లెక్క వేయడం మొదలుపెట్టండి.

ఇప్పుడు రైతు ఇంటికి వద్దాం. పొట్టుకు నాకు బాగా నచ్చిన వాడకం పశువుల కింద పరచడం. కాలిఫోర్నియా పాడి రైతు బాదం పెంకుతో చేసేదీ ఇదే. పాకలో, గొర్రెల దొడ్డిలో పొట్టు పరిస్తే మూత్రాన్ని పీల్చుకుంటుంది. మామూలుగా గాలికీ నేలకూ పోయే నత్రజని పొట్టులో చిక్కుకుంటుంది. పొట్టులో నత్రజని ఒక శాతం మాత్రమే, అదీ గట్టి పీచులో బిగుసుకుని ఉంటుంది. నేరుగా దిబ్బలో వేస్తే నెలల తరబడి అలాగే కనిపిస్తుంది. మూత్రం, పేడ పట్టిన పొట్టు మాత్రం వేగంగా మగ్గుతుంది. తడిసిన భాగాన్ని తీసి దిబ్బలో వేయడం, కొత్తది పరచడం, ఇంతే పని. పేడతో పొరలుగా వేసి, పిండితే చుక్క పడీపడనట్టుండే తడి ఉంచి, నెలకోసారి తిరగేస్తే నాలుగైదు నెలల్లో ఎరువవుతుంది. నీళ్లు పోయలేని వేసవిలో దిబ్బ పని మొదలుపెట్టకండి, పొట్టు ఎండిపోయి ఆగిపోతుంది. వానాకాలం ముందు మొదలుపెడితే సగం పని వానే చేస్తుంది.

కోళ్ల ఫారాల్లో ఊక బదులు వేరుశనగ పొట్టు వాడేవారూ ఉన్నారు. పీల్చే గుణం బాగుంటుంది, వాడేశాక నత్రజని పట్టిన ఎరువు వస్తుంది. ఒకే ఒక్క షరతు, బూజు ఉండకూడదు. బూజు పట్టిన పరుపు నుంచి లేచే ఆస్పర్‌జిల్లస్ బీజాలు కోడిపిల్లల ఊపిరితిత్తుల్లో చేరితే గుంపులుగా చస్తాయి. వానకు తడిసి ఆరిన పొట్టు చూడ్డానికి బాగానే ఉంటుంది, దాన్ని పిల్లల కింద వేయకండి. గేదె కింద వేసుకోండి.

చీనీ (బత్తాయి), దానిమ్మ తోటలున్నవారికి మరో దారి ఉంది: పాదుల్లో పరచడం. ఎర్రనేలల్లో బోరు నీరు ఎంత విలువైనదో ఎవరూ చెప్పనక్కరలేదు. రెండు మూడు అంగుళాల మందాన పొట్టు పరిస్తే నేల నుంచి ఆవిరయ్యే నీరు తగ్గుతుంది, కలుపూ తగ్గుతుంది. పైన పరచి వదిలేసినంతకాలం చెట్టుకు నత్రజని కొరత రాదు. మట్టిలో కలియదున్నితేనే ఆ ఇబ్బంది: పొట్టును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తమ కోసం లాగేసుకుంటాయి. మరో రెండు జాగ్రత్తలు మన జిల్లాకు ప్రత్యేకం. చీనీకి బంక తెగులు పీడ ఉంది కనుక మొదలుకు అడుగు దూరం ఖాళీ వదలాలి, కాండానికి తడి తగులుతూ ఉండకూడదు. జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే గాలి రామగిరి కొండల మీద గాలిమరలు తిప్పే గాలి, ఆ గాలికి మీ పొట్టు పక్కవాడి తోటలోకి వెళుతుంది. పరచిన వెంటనే పలుచని పేడనీళ్లు చల్లితే అణిగి అతుక్కుంటుంది. చెదలు ఎక్కువగా ఉన్న తోటల్లో ముందు ఒక వరుసలో పరచి చూసి, తరువాత మిగతా పాదులకు వెళ్లండి.

వేరుశనగ వేసే పొలంలోకే పచ్చి పొట్టును తిరిగి తోలడం మాత్రం నాకు ఇష్టం లేదు. మొదలుకుళ్లు, కాండం కుళ్లు తెగుళ్ల శిలీంధ్రాలు పొట్టు మీద కూర్చుని తిరిగి వస్తాయి. దిబ్బలో వేడెక్కి, మగ్గి, నల్లబడ్డ తరువాతైతే అభ్యంతరం లేదు.

బయోచార్ అంటూ ఈమధ్య చాలా వినిపిస్తోంది. గాలి తక్కువగా ఆడే డ్రమ్ములో పొట్టును కాల్చి బొగ్గు చేసి నేలలో కలపడం. 100 కిలోల పొట్టుకు 30 కిలోలకు అటూఇటూ వస్తుంది. ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రనేలల్లో నీటిని, పోషకాలను పట్టి ఉంచడానికి అది సాయపడుతుంది. కానీ బయోచార్‌కు క్షార గుణం ఉంటుంది. సున్నం ఎక్కువున్న నేలల్లో, ఉప్పునీటి బోర్లున్న తోటల్లో ఇప్పటికే ఇనుము, జింకు లోపాలతో ఆకులు పసుపెక్కుతుంటే దానికి ఇది తోడు చేయడం మంచిది కాదు. మట్టి పరీక్షలో ఉదజని సూచిక (pH) 8 దాటిన చోట నేనైతే దాని జోలికి పోను. పుట్టగొడుగుల పెంపకం గురించి అడిగేవారికి ఒకే మాట: ముత్యపు చిప్ప పుట్టగొడుగుకు 20 నుంచి 30 డిగ్రీల చల్లదనం, గాలిలో 80 శాతం పైన తేమ కావాలి. అనంతపురంలో ఆ చల్లదనం, తేమ చలికాలపు నెలల్లోనే దొరుకుతాయి. అప్పుడు కూడా వరిగడ్డితో కలిపితేనే పొట్టు పనిచేస్తుంది.

ఇక మేత. మేత అసలే దొరకని కరువు ఏడాదిలో కొంచెం పొట్టును దాణాకు, కట్టెకు తోడుగా కలపడం తప్పు కాదు. కడుపుకు బరువునిస్తుంది, అంతే. యూరియా కలిపి 21 రోజులు మూసి ఉంచి వరిగడ్డిని మెరుగుపరిచే పద్ధతి పొట్టు విషయంలో పెద్దగా పారదు, అడ్డుపడేది ఆ లిగ్నినే. దాణా బస్తాల్లో మెత్తగా దంచిన పొట్టు కలిపి అమ్మేవారి సంగతి వేరే. గుప్పెడు దాణాను గ్లాసు నీళ్లలో వేసి కలిపి చూడండి, పైకి తేలే పీచు ఎంతో తెలుస్తుంది.

చెక్క: అన్నిటికంటే విలువైనది, అన్నిటికంటే ప్రమాదమైనది

నూనె తీశాక మిగిలే చెక్కలో నలభై ఐదు శాతం దాకా మాంసకృత్తులు ఉంటాయి. నత్రజని ఏడు ఎనిమిది శాతం. దీన్ని ఎరువుగా వేసేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది, మంచి చెక్కయితే పశువుకే పెట్టాలి. గానుగ చెక్కలో నూనె ఎక్కువ మిగులుతుంది, పశువుకు బలం, కానీ మన ఎండలకు త్వరగా మక్కు వాసన వస్తుంది. నెలకు సరిపడా కొనడమే మంచిది. ఎక్స్‌పెల్లర్ (నూనె పిండే మర) చెక్క కాస్త ఎక్కువ కాలం నిలుస్తుంది. సాల్వెంట్ పద్ధతిలో నూనె పూర్తిగా లాగేసిన పిండి దాణా ఫ్యాక్టరీల సరుకు, రైతు విడిగా కొనడానికి అంత అనువైనది కాదు. ఏది కొన్నా మొత్తం దాణాలో పావు వంతుకు మించనీయకండి. మిగతాది తవుడు, జొన్న, మొక్కజొన్నలతో నింపండి.

ప్రమాదం పేరు అఫ్లటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుచిక్కకుండా చచ్చిపోయాయి. కారణం వెతికితే వాటికి పెట్టిన బ్రెజిల్ వేరుశనగ పిండి దగ్గర తేలింది. ఆ పరిశోధనల్లోనే ఈ విషం బయటపడింది. పంట ఆఖరి నెలలో బెట్టకు గురైతే, కాయ పగిలితే, తడి ఆరకముందే బస్తాల్లో కుక్కితే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు చేరి దీన్ని తయారు చేస్తుంది. అనంతపురంలో ఆఖరి నెల బెట్ట అరుదైన సంగతి కాదు. ఏరివేతలో పక్కన పెట్టిన ముడుతలు పడ్డ పప్పు, రంగు మారిన పప్పు గానుగకే పోతుంది. వాటిలోని విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే మిగులుతుంది. పశువు తింటే రూపం మారి పాలలోకి వస్తుంది, కాచినా పోదు. పాలలో కిలోకు 0.5 మైక్రోగ్రాము దాటకూడదని మన దేశపు ఆహార భద్రతా నిబంధన. చెక్కను విరిచి చూస్తే లోపల ఆకుపచ్చగానో బూడిద రంగులోనో బూజు కనిపిస్తే పాడి పశువుకు పెట్టవద్దు. కనిపించనంత మాత్రాన విషం లేదనీ కాదు, అందుకే తెలిసిన గానుగలో, మీ కళ్ల ముందు ఏరిన పప్పుతో ఆడించుకోవడం మంచిది. అలా పాడైన చెక్కకు మాత్రం ఎరువు దిబ్బే సరైన చోటు. అక్కడ దాని నత్రజని పొట్టును మగ్గించడానికి బాగా పనికొస్తుంది.

ఎర్రని పొర గురించి ఒక్క మాట చాలు. వేయించి పొర తీసే యూనిట్లలోనే అది పోగవుతుంది. టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ కనుక మేతలో పది శాతానికి మించితే మాంసకృత్తులను పశువుకు అందనీయదు. చెక్కతో కలిపి కొద్దికొద్దిగా వాడుకోవడం తప్ప దాని మీద పెట్టుబడి పెట్టకండి.

ఎవరికి ఏది

రెండు గేదెలు, ఐదెకరాల వేరుశనగ ఉన్న ఇంట్లో కట్టె మొత్తం మేతకు, విత్తనం పొట్టు పాకలో పరచడానికి, అక్కడి నుంచి దిబ్బకు. ఇంతకంటే లాభమైన మార్గం వారికి లేదు, వెతకనూ వద్దు. చీనీ తోట ఉండి పక్క ఊళ్లో మిల్లు ఉంటే వేసవి చివర్లో పొట్టు కొని పాదులకు వేయండి. మిల్లువాళ్లు గుట్ట వదిలించుకోవాలని చూసే రోజుల్లో రవాణా ఖర్చుకే దొరకవచ్చు. ఊళ్లో కాయలు కొట్టే యంత్రం నడిపేవారికి సీజన్‌లో పొట్టు కాస్త పెద్ద మొత్తంలోనే పడుతుంది. వారు దగ్గరి కోళ్ల ఫారంతోనో ఇటుక బట్టీతోనో ముందే మాట్లాడుకుని, రేకుల కప్పు కింద పొడిగా ఉంచితే చాలు. పెద్ద మిల్లుకు ముందు సొంత బాయిలర్, ఆ తరువాత దగ్గరి బట్టీ, ఆఖరికి బ్రికెట్. సందేహం ఉంటే అనంతపురం దగ్గర రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం, రేకులకుంట పరిశోధన స్థానం, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్న కదిరి పరిశోధన స్థానం ఉన్నాయి. నేల, మేత సంగతులు అడగడానికి యంత్రాల ఏజెంటు కంటే అవే సరైన చోట్లు.

పొట్టు అమ్మినా కొన్నా బేరం ట్రాలీ లెక్కన చేయకండి, కాటా వేయించండి. తొక్కి నింపిన ట్రాలీకి, వదులుగా పోసిన ట్రాలీకి తూకంలో చాలా తేడా ఉంటుంది. వానలో తడిసిన సరుకైతే తూకంలో నీళ్లు కూడా మీరే కొంటారు. కనుక కాటాకు ముందు చేతిని గుట్ట లోపలికి పెట్టి చూడండి. లోపల వెచ్చగా తగిలితే అది తడిసి మగ్గడం మొదలైన సరుకు. దిబ్బ కోసమైతే ధర తగ్గించి తీసుకోండి, బాయిలర్‌కో కోళ్లకో అయితే వదిలేయండి.